ఈ గొడుగు పేరేమిటి?

పిల్లలూ! చిప్పగిరి పొలాల్లో నాలుగు వానలు పడితే గొర్రెలు మేసే బీళ్ళలో పచ్చిక లేస్తుంది. ఆ పచ్చికలో తెల్లవారేసరికి చిన్న చిన్న గొడుగులు కూడా విచ్చుకొంటాయి. అలాంటి ఒక ఉదయం తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు బూడిదరంగు గొడుగులు కొన్ని ఆకులో చుట్టి తెచ్చాడు.

"మా అవ్వ కూర చేస్తానంటాంది సార్, తినొచ్చునా?" అన్నాడు.

"ముందు ఇదేమిటో చూద్దాం" అన్నాను.

గొడుగు అంగుళం వెడల్పు కూడా లేదు. కాగితంలా పలచన. అంచు నుంచి నడిమిదాకా మడతలు. నడుమ గోధుమరంగు చుక్క. సన్నని తెల్లని కాడ, ముట్టుకొంటే విరిగిపోయేటంత పెళుసు. గొడుగు అడుగున ఉన్న పలచని రేకులను మొప్పలు అంటారు. అవి కాడను తాకడం లేదు.

తరువాత ఒక చిన్న ప్రయోగం చేశాం. కాడ తుంచి, గొడుగును మొప్పలు కిందికి వచ్చేలా కాగితంపై పెట్టి, గాజుగ్లాసు బోర్లించాం. కాగితం సగం తెలుపు, సగం నలుపు. ఎందుకంటే తెల్లని సిద్ధబీజాలు తెల్లకాగితంపై కనబడవు కదా! సాయంత్రం గొడుగు తీసి చూస్తే తెల్లని సగంలో బండిచక్రం ఆకుల్లా నల్లని గీతలు! మొప్పల నుంచి రాలిన వేలాది సిద్ధబీజాల ముద్ర అది.

చెదపుట్టలమీద మొలిచే, మనవాళ్ళు వండుకొనే పుట్టగొడుగులు టెర్మిటోమైసిస్ ప్రజాతివి. వాటి ముద్ర లేత గులాబిరంగు. కాబట్టి ఇది అది కాదు. పేడమీద మొలిచే పనియోలస్ ముద్ర కూడా నలుపే. కాని దాని గొడుగు గంటలా ఉంటుంది, ఇలా మడతలుండవు. లక్షణాలన్నీ కలిపి చూస్తే మనది పారసోలా ప్రజాతి. పూర్వం దీన్ని కోప్రినస్‌లో చేర్చేవారు. డి.ఎన్.ఎ. పరీక్షల ఆధారంగా 2001లో వేరుచేశారు. ఏ జాతో తేల్చాలంటే సిద్ధబీజాలను సూక్ష్మదర్శినిలో కొలవాలి. అందుకే మేము ప్రజాతి దగ్గరే ఆగాం.

ముద్ర రంగు పేరు కనుక్కోవడానికే. తినవచ్చునని చెప్పడానికి కాదు. వెండి నల్లబడకపోతే మంచిదనీ, పురుగు తిన్నది మనమూ తినవచ్చుననీ అనుకోవడం పొరపాటు. అమానిటా ఫాలాయిడిస్ అనే గొడుగులోని విషం ఉడికించినా పోదు. వాంతులు సాధారణంగా ఆరు గంటలు దాటాకగాని మొదలు కావు. ఆలోగా విషం కాలేయాన్ని చేరుతుంది. ఎవరైనా తెలియని గొడుగు తింటే వాంతులకోసం ఎదురుచూడకుండా, మిగిలిన ముక్కతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

"మరి అవ్వకేం చెప్పాల సార్?"

"పేరు సగమే తెలిసింది, కూర వద్దని చెప్పు. చేతులు కడుక్కొని వెళ్ళు."