టూల్ వివరణ (కృత్రిమ మేధ)

టూల్ వివరణ అనగా కృత్రిమ మేధ ఏజెంటుకు అప్పగించిన ఒక టూల్ ఏమి చేయునో, దానిని ఎప్పుడు పిలువవలెనో, ఏయే అంశములు ఇయ్యవలెనో తెలియజేయు చిన్న పాఠ్యము. వాడుకరి కోరిన పనిని నెరవేర్చుటకు తానే మెట్లు నిర్ణయించుకొని, బయటి ప్రోగ్రాములను పిలుచుకొను భాషా నమూనాను ఏజెంటు అందురు. అట్లు పిలువబడు ప్రోగ్రామే టూల్. దాని లోపలి కోడ్ సాధారణముగా నమూనాకు కనబడదు. కనబడునవి పేరు, వివరణ, ఇయ్యవలసిన అంశముల పట్టిక మాత్రమే. కావున వివరణలో లేని దానిని నమూనా ఊహించుకొనును. ఊహ తప్పినను జవాబు మాత్రము ధీమాగానే వచ్చును.

నేపథ్యము

2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ తన ఏపీఐలో ఫంక్షన్ కాలింగ్‌ను ప్రవేశపెట్టిన పిమ్మట ఈ పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది. ఒకే టూలును వేర్వేరు ఏజెంట్లకు అందించుటకు ఉమ్మడి ప్రమాణముగా 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ)ను విడుదల చేసినది. రెండింటిలోను అంశముల రూపమును జేసన్ స్కీమాలోను, వివరణను మామూలు వాక్యములలోను వ్రాయుదురు.

ఉదాహరణ: తిత్లీ తుఫాను

వివరణలోని లోపము ఎంత నష్టము తేగలదో ఒక నిజమైన తుఫాను లెక్కలతో చూడవచ్చును. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున 4:30, 5:30 గంటల మధ్య శ్రీకాకుళం జిల్లా పలాస సమీపమున తీరము దాటినది. గాలి వేగము గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలు విస్తారముగా నేలకూలినవి.

ఈ సమాచారమును ఇచ్చు టూల్ ఒకటి కలదని, దాని వివరణలో "తుఫాను సమాచారము ఇచ్చును" అని మాత్రమే ఉన్నదని అనుకొందము. నరసన్నపేట, టెక్కలి నడుమనున్న కోటబొమ్మాళి నుండి ఒక రైతు గాలి ఎంత వేగముతో, ఎప్పుడు వచ్చునని అడిగెను. టూల్ నుండి వేగము 80 అనియు, సమయము అక్టోబరు 10, 23:00 అనియు వచ్చినది. రెండును సరియైనవే. కాని ఆ 80 నాట్లలో ఉన్నది. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు గనుక అది సుమారు 148 కిలోమీటర్లు. సమయము యూటీసీలో ఉన్నది; 5 గంటల 30 నిమిషములు కలిపినచో మరునాటి వేకువ 4:30 అగును. ఈ రెండు ముక్కలు తెలియని ఏజెంటు "ముందటి రాత్రి 11 గంటలకు, 80 కిలోమీటర్ల వేగముతో" అని చెప్పును. 80 కిలోమీటర్లనగా భారత వాతావరణ శాఖ వర్గీకరణలో మామూలు తుఫాను. 148 అతి తీవ్ర తుఫాను. రాత్రి 11 దాటినను ఏమియు రాలేదని పశువులను తిరిగి కొట్టములో కట్టివేయువానికి ఈ తేడా చిన్నది కాదు.

అదే వివరణను ఇట్లు వ్రాయవచ్చును: "బంగాళాఖాతములోని తుఫానుల తాజా బులెటిన్ ఇచ్చును. గాలి వేగము నాట్లలో, సమయము యూటీసీలో ఉండును; వాడుకరికి చెప్పుటకు ముందు గంటకు కిలోమీటర్లలోనికి, భారత కాలమానములోనికి మార్చవలెను. వర్షపాతమునకు, నదుల వరదకు ఈ టూల్ పనికిరాదు. ఖాళీ ఫలితమనగా సమాచారము అందలేదని అర్థము, ప్రమాదము లేదని కాదు." చివరి వాక్యమును చాలామంది మరచెదరు. నిజమునకు ప్రమాణమును వివరణలో చెప్పి ఊరకుండుటకంటె, ఫలితములోనే ప్రతి అంకె ప్రక్కన ముద్రించుట మేలు.

ఉద్దానములో మూత్రపిండ వ్యాధిగ్రస్తులు ఎక్కువ. రక్తములోని క్రియాటినిన్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాములలో గాని, లీటరుకు మైక్రోమోల్‌లలో గాని చూపుదురు. మొదటి దానిలోని 1 రెండవ దానిలో 88.4 అగును. పరీక్షా ఫలితములు చదువు టూల్ ఏ ప్రమాణమో చెప్పనిచో ఆరోగ్యవంతుడు రోగిగా కనబడగలడు.

ఊరి పేర్లు

ఈ ఊరి పేరును కోటబొమ్మాళి, కోటబొమ్మాలి అని రెండు విధములుగను వ్రాయుదురు. 2023లో "కోట బొమ్మాళి పి.ఎస్." అను చలనచిత్రము కూడ విడుదలైనది. కావున స్థల పేరు తీసుకొను టూల్ గ్రామమును కోరుచున్నదో, మండలమునో, ఏ వర్ణక్రమమును అంగీకరించునో చెప్పవలెను. జిల్లాల విషయమున తేదీయు అవసరము. శ్రీకాకుళం జిల్లాలోని పాలకొండ 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. పాత విభజనపై నడచు టూల్ ఆ మాట చెప్పనిచో, పాలకొండ రికార్డులు లేవని ఏజెంటు తేల్చివేయును.

ఒకదానినొకటి పోలిన టూళ్ళు

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వాట్సాప్‌లో ప్రారంభించిన "మన మిత్ర" తొలి విడతలోనే 161 సేవలు ఉండెను. అన్ని సేవలను ఒక ఏజెంటునకు టూళ్ళుగా అప్పగించినచో, దరఖాస్తు చేయు టూలునకు, దాని స్థితి చూచు టూలునకు భేదమును వివరణయే చూపవలెను. స్థితి అడిగినవాని పేర రెండవ దరఖాస్తు పడరాదు గదా! సమాచారమును మార్చు టూల్, సొమ్ము చెల్లించు టూల్ ఆ సంగతిని, వెనుకకు తీసుకొనుట సాధ్యమో కాదో ముందే తెలుపవలెను. ఎంసీపీ 2025 మార్చి కూర్పులో ఇందులకు ప్రత్యేక గుర్తులు చేర్చబడినవి. అవి సూచనలే గాని అడ్డుకట్టలు కావు. అసలు అనుమతిని ప్రోగ్రామే అడుగవలెను.

పరీక్షించుట

వ్రాసినవానికి తన వివరణ స్పష్టముగానే తోచును. అందుచేత జనులు నిజముగా అడుగు మాటలలో, అక్షరదోషములతో సహా ప్రశ్నలు సేకరించి, ఏజెంటు ఏ టూలును పిలిచినదో, ఏ అంశములు ఇచ్చినదో చూచి దిద్దుదురు. వివరణను మితిమీరి పెంచుటయు తగదు. ఏజెంటునకు ఇచ్చిన టూళ్ళ వివరణలన్నియు సాధారణముగా ప్రతి పిలుపునందును నమూనా చదువవలసిన పాఠ్యములో చేరి, ఖర్చును పెంచును.