‘కమీషన్ లేదు’ అంటే... కాస్త ఆగండి!

అమెరికాలో అమ్మాయికి పురుడు పోయడానికి బయల్దేరుతోంది అమ్మ. ఆవకాయ, సున్నుండలు, కారప్పొడులు... సూట్‌కేసులు సర్దడానికే నెల పడుతుంది. డాలర్ల సంగతి మాత్రం ఎయిర్‌పోర్టుకు వెళ్లాకే గుర్తొస్తుంది. అక్కడ ‘కమీషన్ లేదు’ అన్న బోర్డు చూసి హమ్మయ్య అనుకుంటారు చాలామంది. అసలు ఖర్చు ఆ బోర్డు వెనకే ఉంటుంది!

రేటులోనే మర్మం

డాలరు మార్కెట్ ధర 90 రూపాయలు అనుకుందాం. కౌంటర్లో 94 చొప్పున అమ్మితే, వెయ్యి డాలర్లకు 4 వేలు చేజారినట్టే. రసీదులో కమీషన్ మాత్రం సున్నా! అందుకే ‘ఫీజెంత?’ అని కాదు, ‘అన్నీ పోను లక్ష రూపాయలకు చేతికి ఎన్ని డాలర్లొస్తాయి?’ అని అడగాలి. ఒకట్రెండు బ్యాంకుల్లో, రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న మనీ ఛేంజర్ దగ్గర వాకబు చేస్తే తేడా తెలిసిపోతుంది.

నోట్లు కొన్నే

అమెరికా వెళ్లేవాళ్లు ఒక ప్రయాణానికి 3,000 డాలర్లకు మించి నోట్లు తీసుకెళ్లడానికి నిబంధనలు ఒప్పుకోవు. అసలు అంత నగదు దగ్గర పెట్టుకోవడమూ క్షేమం కాదు. చిల్లర ఖర్చులకు కాసిని నోట్లుంచుకుని, మిగతాది ఫారెక్స్ కార్డులో వేయించుకోవడం మేలు. కొన్నరోజు రేటే ఖాయమవుతుంది కాబట్టి తర్వాత రూపాయి పడిపోయినా బెంగ లేదు. కార్డు పోతే బ్లాక్ చేయించుకోవచ్చు. డబ్బు అయిపోతే మళ్లీ నింపించుకోవచ్చు. అదే మామూలు క్రెడిట్ కార్డయితే, చాలావాటికి ప్రతి కొనుగోలు మీదా 2 నుంచి 3.5 శాతం దాకా అదనం. దాంతో ఏటీఎంలో నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ మొదలు!

మిషన్ అడిగే ప్రశ్న

విదేశాల్లో మన కార్డు పెట్టగానే కొన్ని మిషన్లు ‘రూపాయల్లో చెల్లిస్తారా, డాలర్లలోనా?’ అని అడుగుతాయి. రూపాయి కనిపించగానే ప్రాణం లేచొస్తుంది. అది నొక్కారో... మార్పిడి రేటు వాళ్లు చెప్పిందే. ఎప్పుడైనా ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోవాలి.

పెద్ద మొత్తాలకు

ఎవరైనా ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకూ విదేశాలకు పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి, ఆ మొత్తం 10 లక్షల రూపాయలు దాటితేనే బ్యాంకు ముందుగా పన్ను వసూలు చేస్తుంది. అది పోయినట్టు కాదు. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. బ్యాంకు రుణంతో కట్టే చదువు ఫీజులకైతే ఆ బాదరబందీ లేదు.

సున్నుండల డబ్బాతోపాటు ఈ లెక్కనూ వారం ముందే సర్దుకుంటే సరి. మిగిలిన డాలర్లు మనవరాలి గుప్పిట్లో పెట్టొచ్చు!