వారాల లెక్కను సంవత్సరాలకు మార్చుట: ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట సేద్యానికి అన్వయం

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాలలో వర్షాధార సేద్యానికి ఈశాన్య రుతుపవనాలు ముఖ్యాధారం. నేలలో విత్తనపు పదును కొద్ది రోజులే నిలుస్తుంది. అందువలన ఇక్కడి వర్షపాత విశ్లేషణకు నెల మరీ పెద్ద ప్రమాణం, వారమే తగినది. చిక్కు వచ్చేది అనేక సంవత్సరాల వారపు వివరాలను తిరిగి సంవత్సరాలుగా విడదీయునప్పుడే. 52తో భాగించిన చాలునని తోస్తుంది.

52 వారాలనగా 364 రోజులు మాత్రమే. సాధారణ సంవత్సరంలో ఒక రోజు, లీపు సంవత్సరంలో రెండు రోజులు మిగిలిపోతాయి. 1991 జనవరి 1 నుండి దినసరి వర్షపాతాన్ని ఏడేసి రోజుల చొప్పున వరుసగా కూర్చి, ప్రతి 52 వారాలను ఒక సంవత్సరంగా పరిగణించినట్లయితే, మొదటి సంవత్సరపు 40వ వారం అక్టోబరు 1న మొదలవుతుంది. పదకొండవ సంవత్సరంలో అదే వారం 2001 సెప్టెంబరు 18కి జరుగుతుంది. రైతు పరిభాషలో ఇది హస్త కార్తె నుండి ఉత్తర కార్తెలోకి పోవడం. ముప్పైయవ సంవత్సరానికి అది 2020 ఆగస్టు 25, అనగా మఖ కార్తె! వారానికి 20 మిల్లీమీటర్ల వర్షం కురిసే సంభావ్యతను ఇట్టి పట్టిక నుండి గణించినచో, నైరుతి వానలు ఈశాన్యపు ఖాతాలో చేరుతాయి. దాని ఆధారంగా ఇచ్చే విత్తు సలహాకు విలువ ఉండదు.

భారత వాతావరణ విభాగం అనుసరించే ప్రామాణిక వారాల పద్ధతిలో ఈ దోషం లేదు. ప్రతి సంవత్సరం మొదటి వారం జనవరి 1నే ఆరంభమవుతుంది. 52వ వారానికి, అనగా డిసెంబరు 24 నుండి 31 వరకు, ఎనిమిది రోజులు. లీపు సంవత్సరంలో 9వ వారానికి కూడా ఎనిమిది రోజులు ఉంటాయి. కనుక 40వ వారం ఏ సంవత్సరమైనా అక్టోబరు 1నే మొదలవుతుంది. అక్టోబరు–డిసెంబరు కాలం సరిగా 13 వారాలు, 92 రోజులు. కంప్యూటర్ పట్టికలలో లభించే అంతర్జాతీయ వారసంఖ్య వేరు. అది సోమవారంతో మొదలవుతుంది, 2020 వంటి కొన్ని సంవత్సరాలలో 53 వారాలు చూపుతుంది. ఆ లెక్కన 2021లో 40వ వారం అక్టోబరు 4న వచ్చినది. ఈ రెండింటినీ ఒకే పట్టికలో కలుపరాదు.

తోటల వయసు విషయంలో తేదీ కాక వ్యవధి ముఖ్యం. అక్కడ సగటు సంవత్సరానికి 52.18 వారాలుగా భాగించవలెను. నాటి 200 వారాలైన నిమ్మతోట వయసు 3.83 సంవత్సరాలు, అనగా సుమారు మూడేళ్ల పది నెలలు. 52తో భాగించినా 3.85 వస్తుంది, తేడా స్వల్పమే. అసలు పొరపాటు నెలకు నాలుగు వారాలనుకొనుటలో ఉన్నది. ఆ లెక్కన ఏడాదికి 48 వారాలే అయి, అదే తోట నాలుగేళ్ల రెండు నెలలదిగా నమోదవుతుంది. నిమ్మకు ఎరువుల మోతాదు చెట్టు వయసును బట్టి ఏటేటా మారుతుంది గనుక, నాలుగో ఏట ఉన్న చెట్టుకు ఐదో ఏటి మోతాదు సిఫారసు అవుతుంది. సర్వే పత్రంలో వారాల సంఖ్యతో పాటు నాటిన తేదీని కూడా వ్రాసినచో ఈ మార్పిడి అవసరమే ఉండదు.