గిన్నెడు నీళ్లు

మన పెద్దల నోట ‘మిషన్’ అన్న మాట వినిపిస్తే, అది చాలాసార్లు ఆసుపత్రికి పర్యాయపదంగానే ఉండేది. ‘మిషనాసుపత్రిలో పుట్టాడు’, ‘మిషను బడిలో చదివాడు’ అనేవారు. ఆ ఆసుపత్రిని నడిపినవారి మతసిద్ధాంతాలేమిటో మన ఇల్లాళ్లకు తెలియకపోవచ్చు. అర్ధరాత్రి తలుపు తీసిన చేయి మాత్రం వారికి జీవితాంతం గుర్తుండిపోయింది. ఏ మతాన్నయినా లోకం గుర్తించేది దానిని నమ్మినవారి నిత్యప్రవర్తనను బట్టియే కదా!

అర్చన, వేదాధ్యయనం తప్ప అన్యమెరుగని నేను క్రైస్తవుల సేవాధర్మాన్ని గురించి వ్రాయడమేమిటని మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. ముంచింగిపుట్టు కొండల్లో నేను చేసిన ఒక తప్పు దీనికి కారణం.

కొండదారిలో కనువిప్పు

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒడిశా సరిహద్దున, మాచ్‌ఖండ్ నదికి చేరువలో ఉన్న మండలం ముంచింగిపుట్టు. చోళ్లు, వలిసెలు, కాఫీ పండే ఆ కొండల్లో వాహనం చేరలేని గూడేలు ఉన్నాయి. అక్కడ ఎవరికి జబ్బు చేసినా, నెలలు నిండినా, కర్రకు వస్త్రం కట్టి డోలీలో మోసుకురావలసిందే.

కొన్నేళ్ల క్రితం ఒక శ్రావణమాసంలో, ఆ ప్రాంతపు శివాలయంలో అభిషేకానికి వెళుతున్నాను. ఊట నుండి నింపుకున్న రాగిచెంబు నా చేతిలో ఉన్నది. ఎదురుగా నలుగురు మనుషులు ఒక నిండు గర్భిణిని డోలీలో మోసుకుంటూ వచ్చి, దించి, ఆయాసంతో కూలబడ్డారు. ‘పంతులుగారూ, కాసిన్ని నీళ్లు పోయండి బాబూ’ అన్నాడొకడు. ‘ఇవి స్వామివారి అభిషేకానికయ్యా’ అన్నాను. అతడు మారు మాటాడలేదు.

అంతలో పక్క పాకలో నుండి ఒక స్త్రీ సొరబుర్రతో నీళ్లు తెచ్చింది. ఆదివారం ప్రార్థనకు వెళ్లే క్రైస్తవ కుటుంబం ఆమెది. డోలీ మోస్తున్నవారు గ్రామదేవతను కొలిచేవారు. ఆమె ముందుగా గర్భిణి పెదవులు తడిపింది. తరువాత నలుగురికీ పోసింది. డోలీ కర్రకు తానూ ఒక భుజం పట్టి, మలుపు దాకా సాగనంపి వచ్చింది. దేవుని పేరు ఎత్తలేదు, ధర్మపన్నాలు చెప్పలేదు. తిరిగి వస్తూ నాకూ బుర్ర అందించింది. ఆనాడు నేను చేయి చాచలేకపోయాను.

ఆ చెంబు నీళ్లతోనే అభిషేకం చేశాను. మంత్రం తప్పలేదు, స్వరం తప్పలేదు. కాని నా మనస్సుకు శాంతి కలుగలేదు. ఊట అక్కడికి పదడుగుల దూరం కూడా లేదు. చెంబు మళ్లీ నింపుకోవడానికి నాకు ఎంతసేపు పట్టేది?

రెండు శ్రుతుల ఏకవాక్యత

భాగవతం నవమస్కంధంలోని రంతిదేవుని కథను నేను ఎన్నిసార్లు పురాణంగా చెప్పానో లెక్కలేదు. నలభైయెనిమిది దినాలు నీరైనా లేక గడిపిన ఆ రాజు, తనకు మిగిలిన కాసిని నీళ్లను దాహంతో వచ్చిన అంత్యజునికి ధారపోశాడు. శతపథ బ్రాహ్మణం పంచమహాయజ్ఞాలను చెబుతూ, ప్రతిదినమూ మనుష్యులకు ఏదైనా ఇవ్వాలని, ఇవ్వగలిగినది నీటిపాత్ర మాత్రమే అయినా మనుష్యయజ్ఞం పూర్తి అవుతుందని విధించింది. చెప్పినవాడిని నేనే, చేయనివాడిని నేనే.

ఆ తరువాత క్రైస్తవుల గ్రంథాన్ని తెప్పించుకొని చదివాను. మత్తయి సువార్త పదవ అధ్యాయంలో ఏసు తన శిష్యులతో, ఈ చిన్నవారిలో ఒకరికి గిన్నెడు చల్లని నీళ్లు ఇచ్చినా ఆ ఫలం పోదన్నాడు. మన ఋషి చెప్పిన నీటిపాత్ర, ఆయన చెప్పిన గిన్నె ఒకటిగానే తోచాయి. లూకా సువార్తలోని మంచి సమరయుని కథ నన్ను మరింత కలచివేసింది. దొంగలు కొట్టి పడవేసిన బాటసారిని చూసి దాటిపోయినవారిలో మొదటివాడు ఒక యాజకుడు. అంటే నావంటి అర్చకుడే. గాయాలు కట్టి రక్షించినవాడు అన్యజాతివాడు. రెండువేల ఏళ్లనాటి ఆ కథలో నా ముఖం నాకు కనిపించింది.

డిచ్‌పల్లి చెప్పే పాఠం

క్రైస్తవులు తమ ధర్మకార్యాన్ని ‘మిషన్’ అంటారు. ప్రబోధం అందులో భాగమే. కాని ఆ ప్రబోధాన్ని నిత్యకృత్యంగా మలచుకున్నవారే జనహృదయాల్లో నిలిచారు. స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్ 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలిసి హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. కుష్ఠురోగుల దుస్థితి చూసి నిజామాబాద్ ప్రాంతంలో వారికి ఆశ్రయం ప్రారంభించారు. అదే 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రిగా రూపొందింది. ఆనాటి చికిత్స హిడ్నోకార్పస్ గింజల నూనెను సూదితో ఎక్కించడం. రోగికి నొప్పి, వైద్యునికి ఓర్పు, ఇరువురికీ ఎన్నో నెలల శ్రమ. 1932లో మరణించేవరకు ఆమె ఆ సేవను వదలలేదు.

ఆ కార్యానికి విరాళమిచ్చి చేయూతనిచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందువు. ఆమె తన విశ్వాసాన్ని విడువలేదు, ఆయన తన ధర్మాన్ని విడువలేదు. రోగి పడక వద్ద ఇద్దరూ కలిశారు.

కుష్ఠు పూర్వజన్మ పాపఫలమని చెప్పి రోగిని వెలివేసిన ఇళ్లు మనలో లేవా? అది సూక్ష్మక్రిమి వలన వచ్చే వ్యాధి. నేడు బహుళ ఔషధ చికిత్సతో పూర్తిగా నయమవుతుంది. ఆ మందులు ప్రభుత్వ వైద్యశాలల్లో ఉచితంగా లభిస్తాయి.

అడగవలసిన ప్రశ్న

‘సేవ పేరిట మతం మార్చడం లేదా?’ అని మీలో కొందరు ప్రశ్నించవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కెర్ దంపతులు మిషనరీలు. తమ విశ్వాసాన్ని దాచుకున్నవారు కారు. కొండగూడేల్లో ఈ విషయమై మనస్పర్థలు ఉన్న మాటా నిజమే. అయితే సేవను తూచే త్రాసు ఉభయుల గ్రంథాల్లోనూ ఉన్నది. తిరిగి ఉపకారం చేయలేనివానికి, ఇవ్వవలసిన ధర్మమని ఇచ్చేదే సాత్త్విక దానమని గీత పదునేడవ అధ్యాయం చెబుతున్నది. ప్రతిఫలమివ్వలేని పేదలనే విందుకు పిలువమని, కుడిచేయి చేసిన దానం ఎడమచేతికి తెలియరాదని సువార్తలు చెబుతున్నాయి. ప్రతిఫలం ఆశించి చేసినది ఎవరు చేసినా వ్యాపారమే అవుతుంది.

కాని పాఠక మహాశయులారా! ఎదుటివారి సేవలో ఎర ఉన్నదేమోనని వెదకే ముందు, మన వంతు సేవ మనం చేశామా అని వెదకవద్దా? దాహమన్నవానికి నేను నీళ్లు పోసి ఉంటే, ఆ తల్లి పాకలో నుండి పరుగెత్తి రావలసిన అవసరమే ఉండేది కాదు.

మన ఇంట్లో మొదలుపెడదాం

ఇందుకు కొండలెక్కనవసరం లేదు. దేవతార్చన ముగించి లేచాక మనుష్యయజ్ఞం మిగిలి ఉన్నదని గుర్తుంచుకుంటే చాలు. గ్యాస్ బండ మోసుకొచ్చినవానికి, చెత్త తీసుకుపోయే అమ్మకు, ఉత్తరం తెచ్చినవానికి గుక్కెడు నీళ్లివ్వండి. ఇంటికి వచ్చిన బంధువులకిచ్చే గ్లాసుతోనే ఇవ్వండి. పొరుగింట్లో ఒంటరి వృద్ధులుంటే, వారు ఏ దేవుని కొలిచినా, మందు వేళకు ఒకసారి పలకరించండి. మీ పిల్లలు చూస్తుండగా చేయండి. వారికి వేరే నీతిబోధ అక్కరలేదు.

నేటికీ నేను ఉదయం అభిషేకానికి చెంబు నింపుకునే ముందు, మరొక బిందె నింపి ఆలయ గడపవద్ద ఉంచుతాను. ఎవరు తాగారో అడగను. మధ్యాహ్నానికి అది ఖాళీ అయితే ఆనాటి పూజ పూర్తయిందని నాకనిపిస్తుంది.