ముందుమాట అంటే ఏమిటి?



పొలం కౌలుకు ఇచ్చేటప్పుడు ఏం చేస్తాం? "ముందుగా ఒక మాట అనుకుందాం" అంటాం. ఎన్ని బస్తాలు, ఎన్నాళ్ళు అనేది తేల్చుకుంటాం. బుర్రకథ చెప్పేవాళ్ళూ అంతే. ఏ కథ చెప్పబోతున్నారో ముందే చెబుతారు గదా!

పుస్తకానికి కూడా ఇలాంటి మాట ఒకటి ఉంటుంది. దాన్నే ముందుమాట అంటారు. అసలు విషయం మొదలు కాకముందే దీన్ని అచ్చువేస్తారు. కొన్ని పుస్తకాల్లో దీనికే తొలిపలుకు, పీఠిక, ఉపోద్ఘాతం అని పేర్లుంటాయి. పేరు చూసి భయపడకండి. అన్నీ చేసే పని దాదాపు ఒకటే.

ముందుమాటలో ఏముంటుంది?

పుస్తకం ఎందుకు రాశారో ఉంటుంది. ఎవరి కోసం రాశారో ఉంటుంది. ఎవరు సాయం చేశారో ఉంటుంది. దీన్ని పుస్తకం రాసినవారే రాయవచ్చు. వేరే పెద్దలు ఎవరైనా రాయవచ్చు.

"మనకు కథ కావాలి గానీ ఇదెందుకు?" అని కొందరు ఆ పేజీలు తిప్పేస్తారు. ఒక్కోసారి పెద్ద సంగతి అక్కడే ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం

గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కం' అనే నాటకం రాశారు. ఆడపిల్ల తండ్రి డబ్బు తీసుకొని పిల్లనివ్వడమే కన్యాశుల్కం. ఈ నాటకం 1897లో అచ్చయింది. నాటకం చదివితే నవ్వొస్తుంది. ముందుమాట చదివితే కడుపు తరుక్కుపోతుంది.

విజయనగరం మహారాజావారు ఇలాంటి పెళ్ళిళ్ళ జాబితా ఒకటి రాయించారు. విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు లెక్కకొచ్చాయి. వారిలో 99 మంది పిల్లలకు అయిదేళ్ళు. 36 మందికి మూడేళ్ళు. ముగ్గురికైతే ఒక్క ఏడాదే! ఆ పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు.

ఈ లెక్కలన్నీ అప్పారావుగారు ముందుమాటలోనే చెప్పారు. దాన్ని ఆయన ఇంగ్లీషులో రాశారు. తరవాత అది తెలుగులోకి కూడా వచ్చింది. నాటకం ఎందుకు రాయాల్సి వచ్చిందో అది చదివితే తెలుస్తుంది.

మనకూ పనికొస్తుంది

అర్జీ రాసేటప్పుడు మొదట ఏం రాయాలి? మనం ఎవరిమో, ఏ ఊరివాళ్ళమో, ఎందుకు రాస్తున్నామో రాయాలి. అప్పుడు చదివే అధికారికి సంగతి వెంటనే తెలుస్తుంది. అది మన అర్జీకి ముందుమాట లాంటిదే.

చేసి చూడండి

1. మీ దగ్గరున్న ఒక పుస్తకంలో ముందుమాట వెతకండి. దానికి ఏ పేరు పెట్టారు?
2. అది ఎవరు రాశారు? ఎందుకు రాశారు?
3. మీ ఊరి మంచినీళ్ళ కోసం ఒక అర్జీ రాయండి. మొదటి మూడు వాక్యాలు అందరికీ చదివి వినిపించండి.