గురక సూచీ

2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లహరి కన్నుమూసినప్పుడు వైద్యులు చెప్పిన కారణాల్లో స్లీప్ ఆప్నియా ఒకటి. ఆయన ‘గ్యాంగ్ లీడర్’ సినిమా పాటలకు ఊగినవాళ్లలో కొందరు ఆ జబ్బు పేరు అప్పుడే తొలిసారి విని ఉంటారు. ఇందులో నిద్రపోతున్నప్పుడు గొంతు కండరాలు వదులై గాలిదారి పదేపదే మూసుకుపోతుంది. మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఆ దారిని తెరిచి ఉంచేదే సీపాప్. దీన్ని ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ బృందం 1981లో లోకానికి తెలిపింది.

కొన్ని సీపాప్ యంత్రాలు పొద్దున చూపే లెక్కల్లో గురక సూచీ కూడా ఉంటుంది. తికమకంతా దీనితోనే. ఇంట్లోవాళ్లు ‘రాత్రి చప్పుడే లేదు’ అంటారు, యంత్రమేమో గురక పెట్టారంటుంది! అసలు సంగతేమిటంటే అది మామూలుగా చప్పుడు వినదు. గొంతు అదిరినప్పుడు గాలి ఒత్తిడిలో పుట్టే సన్నని కంపనాన్ని సెన్సర్‌తో పట్టుకుంటుంది. అందుకే గొట్టంలో నీరు చేరి గుడగుడలాడినా, మాస్కు అంచున గాలి లీకై బుర్రుమన్నా గురక ఖాతాలో పడొచ్చు.

అన్నీ ఉత్తుత్తి గురకలే అనుకోవడమూ పొరపాటే. ఏహెచ్ఐ, అంటే గంటకు సగటున శ్వాస ఆగిన, తగ్గిన సార్లు, 5 లోపే ఉన్నా గురక అంకె రోజూ ఎక్కువగా ఉంటే ఒత్తిడి కాస్త చాలడం లేదేమో. జలుబు, మద్యం, వెల్లకిలా పడుకోవడం కూడా దాన్ని పెంచుతాయి. కంపెనీని బట్టి లెక్క మారుతుంది కాబట్టి పక్కింటాయన అంకెతో పోల్చుకోవద్దు. ఒత్తిడిని సొంతంగా మార్చకుండా, కొన్ని వారాల రికార్డును లీకు లెక్కతో సహా డాక్టరుకు చూపించాలి.