ప్లాంటులో శుద్ధం.. బిందెలో అశుద్ధం!

నల్లగొండ, (మా విలేకరి):

తెల్లవారితే చాలు, సైకిళ్లకు, మోటారు సైకిళ్లకు క్యాన్లు తగిలించుకుని నీళ్ల ప్లాంటుకు బయలుదేరడం మన జిల్లా పల్లెల్లో నిత్యం కనిపించే దృశ్యమే. మంచినీటి విలువ ఈ జిల్లా వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. బోరు నీటిలోని ఫ్లోరైడు పళ్లకు గార పట్టించి, నడుములు వంచిన గడ్డ ఇది. ఈ గోడు దేశమంతా వినాలని 1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది పోటీకి నిలిచిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

అయితే ఇంత శ్రమపడి, డబ్బు పెట్టి తెచ్చుకున్న నీరు ఇల్లు చేరాక ఏమవుతున్నది? క్యాన్ నీటిని మూత లేని బిందెలోకి వంపుతాం. చుట్టం వస్తే ఉంగరం వేలు మునిగేలా గిలాస ముంచి ఇస్తాం. పసిపిల్లలూ అదే చేత్తో ముంచుకుంటారు. తర్వాత ఇంట్లో వాంతులు, విరేచనాలు మొదలైతే ప్లాంటు వాడిని తిట్టుకుంటాం.

ప్లాంటులోని పొర ఫ్లోరైడును, ఉప్పును, క్రిములను వడకడుతుంది. కాని ఆ నీటిలో క్లోరిన్ మిగలదు. అంటే ఇంటికి వచ్చాక ఒక్క మురికి చేయి తగిలినా క్రిములను చంపే కాపలా అందులో ఉండదు. నల్లా నీటిలో క్లోరిన్ కొంత ఉంటుంది. మూత లేకుండా ఉంచితే అదీ క్రమంగా ఎగిరిపోతుంది.

కాబట్టి నీటిని మూతి సన్నగా ఉన్న పాత్రలో, మూత పెట్టి ఉంచాలి. అడుగున కుళాయి ఉన్న పాత్రయితే మరీ మంచిది. లేకుంటే పొడుగు పిడి గల గరిటతోనే ముంచాలి. క్యాన్ ఎండలో ఉంటే లోపల పాకుడు పడుతుంది గనుక నీడలో పెట్టాలి. పాత నీటి మీద కొత్త నీరు పోయకుండా, ప్రతిసారీ లోపల రుద్ది కడగాలి. రెండు రోజులకు మించి నిల్వ ఉంచకపోవడం మేలు. అనుమానం ఉంటే క్లోరిన్ మాత్రను దాని మీద రాసిన మోతాదులో వేసి, అరగంట ఆగి తాగాలి.

మరొక పొరపాటు కూడా జరుగుతున్నది. తాగడానికి క్యాన్ నీరు, చాయ్‌కి, పప్పుకు మాత్రం బోరు నీరు వాడే ఇళ్లున్నాయి. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొద్దీ దాని పాలు ఇంకా పెరుగుతుంది. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. అందుచేత వంటకూ శుద్ధ జలమే వాడాలి.

ఇక వాడుక నీరు నింపే గోలేలు, తొట్ల సంగతి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిల్వ నీటిలోనే. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. వారానికొకసారి, శుక్రవారం నాడు అన్నీ ఒంపి, రుద్ది ఆరబెడితే ఆ బెడద తప్పుతుంది.

ప్లాంటులో పొర పాతబడితే ఫ్లోరైడు దాటి వచ్చే ప్రమాదమూ లేకపోలేదు. పంచాయతీలు ఎప్పటికప్పుడు ప్లాంటు నీటిని పరీక్ష చేయించి, ఫలితం బోర్డు మీద రాయించాలి. నీటి నిల్వ జాగ్రత్తలను ఊరూరా చాటింపు వేయిస్తే పసిపిల్లల ప్రాణాలకు మేలు చేసినట్లవుతుంది.